బీఆర్‌ఎస్‌ఆర్ ట్యాగింగ్ కంపెనీలోనే చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సిరిపురం_సెక్రటేరియల్
అందరికీ నమస్కారం. మాది లిస్టెడ్ కంపెనీ. మార్కెట్ విలువలో టాప్ 1000లో ఉంది గానీ పై 500లో లేదు. హెడ్డాఫీసు విశాఖలోనే, ప్లాంట్లలో ఒకటి పరవాడ వైపు, మిగతావి వేరే రాష్ట్రాల్లో.

ఇన్నాళ్లూ బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణం, ఉద్యోగులు, సమాజం విషయంలో కంపెనీ ఎలా నడుచుకుందో సెబీ ఏటా ఇవ్వమనే నివేదిక) మేం రాసి, డిజైన్ అయిపోయిన పీడీఎఫ్‌ని బయట ఒక వెండర్‌కి పంపేవాళ్లం. ఆయన ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫైలు (కంప్యూటర్ చదవగలిగేలా ఒక్కో అంకెకీ ట్యాగు వేసిన ఎక్స్‌ఎంఎల్ ఫైలు) తయారుచేసి పంపితే ఎక్స్ఛేంజీ సైట్లో ఎక్కించేవాళ్లం. అందులో ఏముందో మాలో ఎవరూ తెరిచి చూసింది లేదు. కిందటిసారి ఒక ఫండ్ నుంచి మెయిల్ వచ్చింది, "మీ పీడీఎఫ్‌లో నీటి వాడకం ఒక అంకె, ఎక్స్‌ఎంఎల్‌లో దానికి వెయ్యి రెట్లు. ఏది నిజం?" అని. చూస్తే ఎవరో లీటర్ల అంకె తెచ్చి కిలోలీటర్ల గడిలో పెట్టారు.

అప్పటి నుంచి మా సీఎఫ్ఓ (ఆర్థిక విభాగం హెడ్) గారు ఇక ఈ పని మనమే చేద్దాం అంటున్నారు. ఎవరు చేయాలి, మా సెక్రటేరియల్ (కంపెనీ సెక్రటరీ) విభాగమా, ఫైనాన్సా, ప్లాంటు వాళ్లా? ఎక్స్ఛేంజీ ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీ (నింపితే ఆ ఫైలు తయారుచేసే షీటు) చాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

గాజువాక_గురు
మేడమ్, నా మాట విని ఆ పని నెత్తిన పెట్టుకోకండి. ఎక్సెల్ నింపడమే కదా, ఏటుంది అందులో అనిపిస్తుంది. సీజన్‌లో కూర్చుంటే తెలుస్తుంది. వార్షిక నివేదిక వాటాదారులకి పంపడం మొదలుపెట్టిన రోజుకల్లా ఎక్స్ఛేంజీకి చేరాలి. ఏజీఎంకి (వాటాదారుల వార్షిక సమావేశానికి) 21 రోజుల ముందు నోటీసు వెళ్లాలి. అంటే డిజైనర్ దగ్గర ఆఖరి పేజీ తేలేదీ, మీరు ఫైల్ చేయాల్సిందీ దాదాపు ఒకేసారి. ఆ టెన్షన్‌లో కొత్తవాళ్లు యుటిలిటీతో కుస్తీ పట్టడం దేనికి? మంచి వెండర్‌ని చూసుకోండి, యూనిట్లు చెక్ చేసే బాధ్యత ఒప్పందంలో రాయించుకోండి. అయిపోయింది.

లెక్కల_తాతయ్య
గురు గారు చెప్పిన టైమింగ్ కరెక్టే. వైద్యం దగ్గరే నాకు పేచీ.

నేను కంపెనీల శాఖ ఎక్స్‌బీఆర్‌ఎల్ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ పనిలో ఉన్నాను. 2010-11 ఆర్థిక సంవత్సరం బ్యాలెన్స్ షీట్లతో మొదలైంది. లిస్టెడ్ కంపెనీలు, 5 కోట్ల పెయిడప్ క్యాపిటల్ లేదా 100 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లు చేయాలన్నారు. అప్పుడే మనందరికీ ఒక అలవాటు పడిపోయింది: లెక్కలన్నీ అయ్యాక, సంతకాలు పడ్డాక, ఆఖర్న ట్యాగు. బ్యాలెన్స్ షీటుకి అది చెల్లింది. ఎందుకు చెల్లింది? దాని వెనక లెడ్జర్ ఉంది. డెబిట్‌కి క్రెడిట్ సరిపోకపోతే ట్రయల్ బ్యాలెన్స్‌లోనే దొరికిపోతుంది. ట్యాగు వేసేవాడి చేతికి వచ్చేసరికి అంకె అప్పటికే నాలుగు జల్లెడలు దాటి ఉంటుంది.

నీటి మీటర్‌కి డబుల్ ఎంట్రీ లేదమ్మా. బోరు దగ్గర ఎవరో రాసిన రీడింగు, వాట్సాప్‌లో ఇంకెవరికో వెళ్లి, ఎక్సెల్‌లో పడి, పీపీటీలోకి ఎక్కి, చివరికి మీ దగ్గరికొస్తుంది. దారిలో ఎక్కడా జల్లెడ లేదు. అలాంటి అంకెకి ప్రింటు అయ్యాక ట్యాగు వేయడమంటే పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టే. మీ వెయ్యి రెట్ల తేడా వెండర్ దగ్గర పుట్టిందో, మీ దగ్గర పుట్టిందో ముందు తేల్చుకోండి. మీ దగ్గర పుట్టి ఉంటే వెండర్‌ని మార్చినా ఫలితం ఉండదు.

సిరిపురం_సెక్రటేరియల్
తాతయ్య గారూ, రెండూ అండి. ప్లాంటు షీటులో లీటర్లే ఉన్నాయి, పైన యూనిట్ రాయలేదు. పీడీఎఫ్ టేబుల్ చేసిన అమ్మాయి వెయ్యితో భాగించి సరిచేసింది. వెండర్‌కి ఆ సరిచేసిన పీడీఎఫ్‌తోపాటు పాత షీటు కూడా వెళ్లింది. ఆయన షీటు నుంచి తీసుకున్నారు.

పరవాడ_ఈహెచ్ఎస్
ప్లాంటు ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) వైపు నుంచి నేను మాట్లాడతాను, ఎందుకంటే ఇలాంటివి జరిగినప్పుడల్లా "ప్లాంటు వాళ్లు పంపిన డేటా" అని మామీదే పడుతుంది.

మేం ఏ అంకె అయినా ఇప్పటికే చాలామందికి పంపుతున్నాం. ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్ను జూన్ 30లోపు, ఎన్విరాన్‌మెంటల్ స్టేట్‌మెంట్ ఫారం 5 సెప్టెంబర్ 30లోపు కాలుష్య నియంత్రణ మండలికి. కరెంటు లెక్క డిస్కం బిల్లులో ఉంటుంది. ప్రమాదాల రికార్డు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి వెళుతుంది. అదంతా అయ్యాక హెడ్డాఫీసు నుంచి ఇంకో ఎక్సెల్ వస్తుంది, వేరే వరస, వేరే యూనిట్లు, "రేపటికల్లా కావాలి" అని. దాన్ని నింపేది ఎవరు? సాధారణంగా కొత్తగా చేరిన ట్రైనీ.

కాబట్టి నా సలహా, యుటిలిటీ తెరవకముందే బీఆర్‌ఎస్‌ఆర్‌లోని ప్రతి అంకెకీ ఒక వరస ఉన్న రిజిస్టర్ చేసుకోండి. అంకె పేరు, ఏ ప్లాంటు, ఏ మీటర్ లేదా ఏ బిల్లు, ఏ యూనిట్లో పుడుతుంది, ఏ యూనిట్లో రిపోర్ట్ చేయాలి, మార్పిడి గుణకం ఎంత, ఎవరు సంతకం పెడతారు. కరెంటు తీసుకోండి. బిల్లు యూనిట్లలో వస్తుంది. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజూళ్లు. లక్ష యూనిట్లంటే 360 గిగాజూళ్లు. ఈ గుణకం రిజిస్టర్‌లో ఒక్కచోటే ఉండాలి, ప్రతి ప్లాంటులో ఒక్కొక్కరు గూగుల్ చేసుకోకూడదు. డీజిల్‌కి ఇంకా గొడవ: లీటర్ల నుంచి కిలోలకి సాంద్రత, కిలోల నుంచి శక్తికి కెలొరిఫిక్ విలువ. రెండు ప్లాంట్లు రెండు విలువలు వాడితే మొత్తం కూడినప్పుడు ఎవరికీ కనపడదు.

ఇంకోటి. సముద్రం పక్కనున్న మన ప్లాంట్లలో చాలామంది పొరపడేది నీటి దగ్గరే. ఫార్మాట్‌లో ఉపరితల జలం, భూగర్భ జలం, మూడో పార్టీ నుంచి కొన్నది, సముద్రపు లేదా డీశాలినేట్ చేసిన నీరు, ఇతరాలు అని విడివిడిగా అడుగుతారు. తీసుకున్న నీరు వేరు, ఖర్చయిన నీరు వేరు. కూలింగ్‌కి సముద్రం నుంచి తీసుకుని మళ్లీ సముద్రంలోకే వదిలితే అది తీసుకున్న లెక్కలో ఉంటుంది, వదిలిన లెక్కలో ఉంటుంది, వాడకంలో దాదాపు ఉండదు. ఈ తేడా తెలియనివాళ్లు నింపితే మీ వాడకం ఒక ఊరంతా తాగే నీళ్లంత కనిపిస్తుంది.

గాజువాక_గురు
ఈహెచ్ఎస్ మేడమ్, ఇదంతా బాగానే ఉంది. ఇది డేటా మేనేజ్‌మెంట్. వాళ్లు అడిగింది ట్యాగింగ్.

పరవాడ_ఈహెచ్ఎస్
రెండూ ఒకటే అనే కదండీ ఇంతసేపూ చెబుతున్నది.

డేటా_దాసు_రుషికొండ
నేను అవతలి ఒడ్డు మనిషిని. మా టీమ్ పని ఈ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు వందల్లో దించుకుని, ఒక డేటాబేస్‌లో పోసి, పెట్టుబడి సంస్థలకి అమ్మడం. మీ పీడీఎఫ్‌లో కవర్ ఫొటో, ఛైర్మన్ సందేశం, ఆకుపచ్చ ఆకుల బొమ్మలు మేం చూడం. మాకు మీ కంపెనీ అంటే ఆ ఫైలే.

ట్యాగు అంటే ఏమిటో తెలియని వాళ్లకి ఒక్క ముక్క. పీడీఎఫ్‌లో "14,250" అని ఉంటే చదివే మనిషి పక్కనున్న హెడ్డింగు చూసి అర్థం చేసుకుంటాడు. యంత్రానికి పక్క చూపు లేదు. అందుకని ఆ అంకెకి నాలుగు విషయాలు కట్టాలి: ఇది ఏ అంశం (స్కోప్ 1, అంటే కంపెనీ నేరుగా వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల మొత్తం), ఎవరిది, ఏ కాలానిది (ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకానా, లేక మార్చి 31 నాటిదా), ఏ యూనిట్. దానికి తోడు ఎంత ఖచ్చితం అన్నది. ఉద్యోగుల సంఖ్య ఒక తేదీ నాటిది, ఉద్గారాలు ఏడాది పొడవునా కూడినవి. ఈ అంశాల జాబితానే టాక్సానమీ. మన దగ్గర కంపెనీ తనకు తాను కొత్త ట్యాగు పుట్టించుకునే వీలు లేదు, ఇచ్చిన గడిలో నింపాల్సిందే. ఆ విషయంలో యూరప్ వాళ్ల ఆర్థిక నివేదికల కంటే మన పని సులువు. అక్కడ కంపెనీ సొంత ట్యాగు పెట్టుకుంటే, అది టాక్సానమీలోని ఏ పెద్ద అంశం కిందికి వస్తుందో ముడి వేసి చూపాలి.

ఇక మేం రోజూ చూసే వింతలు.

ఒకటి, ఎనర్జీ ఇంటెన్సిటీ. ఫార్మాట్ అడిగేది ఒక్క రూపాయి టర్నోవర్‌కి ఎంత శక్తి అని. 2,500 కోట్ల టర్నోవర్, 5 లక్షల గిగాజూళ్ల వాడకం అనుకోండి. రూపాయికి 0.00002 గిగాజూళ్లు వస్తుంది. డిజైనర్‌కి ఇన్ని సున్నాలు నచ్చవు, రెండు దశాంశాలకి కుదిస్తాడు. 0.00 అవుతుంది. అదే ట్యాగు అవుతుంది. అంటే ఆ కంపెనీ శక్తి అనేదే వాడకుండా ఫ్యాక్టరీ నడుపుతోందన్నమాట! ఇంకొందరు టర్నోవర్‌ని కోట్లలో పెట్టి భాగిస్తారు, 200 వస్తుంది. రెండు కంపెనీలనీ పక్కపక్కన పెడితే కోటి రెట్ల తేడా. ఏ మిషనూ తప్పు అని చెప్పదు, ఎందుకంటే రెండూ అంకెలే.

రెండు, యూనిట్. శక్తిని జూళ్లలో గానీ దాని గుణిజాల్లో గానీ ఇవ్వొచ్చన్నారు. ఒకరు మెగా, ఒకరు గిగా, ఒకరు టెరా. నిరుడు గిగాలో ఇచ్చినవాళ్లు ఈ ఏడు టెరాకి మారతారు, కిందటేడాది గడిలో మాత్రం పాత అంకె అలాగే ఉంచేస్తారు.

మూడు, ఇది నాకు ఇష్టమైనది. ప్రతి టేబుల్‌లోనూ ఈ ఏడాది, కిందటేడాది రెండు గడులుంటాయి. ఈసారి మీరు కిందటేడాది గడిలో రాసింది, నిరుడు ఫైల్ చేసిన ఫైల్లో ఉన్నదానితో సరిపోతుందా లేదా అనేది నా ప్రోగ్రామ్ ఒక్క నిమిషంలో వెయ్యి కంపెనీలకి చూసేస్తుంది. పీడీఎఫ్ కాలంలో ఇది ఎవరూ పట్టుకునేవారు కాదు. అంకె మారడం నేరం కాదు, పద్ధతి మారితే మారుతుంది. ఎందుకు మారిందో నోట్‌లో ఒక్క వాక్యం ఉండాలి. లేకపోతే మా క్లయింట్ల దగ్గరికి మీ పేరు పక్కన ఎర్ర గుర్తుతో వెళుతుంది.

సిరిపురం_సెక్రటేరియల్
బాబోయ్. ఇంటెన్సిటీ దగ్గర మాదీ 0.00 అయి ఉంటుందేమో, ఇప్పుడే చూస్తాను.

ఒక సందేహం. మాకు వర్తించని గడులు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల సున్నా పెట్టారు, కొన్నిచోట్ల ఖాళీ, కొన్నిచోట్ల "ఎన్ఏ" అని టైప్ చేస్తే యుటిలిటీ ఒప్పుకోక తీసేశారు. ఏది సరైనది?

ఎంవీపీ_ఆడిటర్
సున్నా అంటే మీరు లెక్కపెట్టారు, ఏమీ లేదని తేలింది అని అర్థం. లైంగిక వేధింపుల ఫిర్యాదులు సున్నా అంటే కమిటీ ఉంది, రిజిస్టర్ ఉంది, ఏడాదంతా ఎవరూ రాలేదని మీరు చెబుతున్నట్టు. ఖాళీ అంటే చెప్పలేదని. రెంటికీ ఆకాశానికి భూమికీ ఉన్నంత తేడా. లెక్కపెట్టకుండా సున్నా పెట్టొద్దు. వర్తించదు అనేది అంకె కాదు, అది మాట. అంకెల గడిలో పట్టదు, వివరణ రాసే గడిలో రాయండి.

దాసు గారు చెప్పని ఇంకో సంగతి, అస్యూరెన్స్, అంటే అంకెలు సరైనవేనని బయటివాళ్లు తనిఖీ చేసి ఇచ్చే హామీ. సెబీ 2023 జూలై 12 సర్క్యులర్‌తో బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ తెచ్చింది. తొమ్మిది అంశాలు: గ్రీన్‌హౌస్ వాయువులు, నీరు, శక్తి, వ్యర్థాలు, ఉద్యోగుల క్షేమం వగైరా. వీటికి బయటివాళ్ల చేత రీజనబుల్ అస్యూరెన్స్ తీసుకోవడం టాప్ 150కి 2023-24 నుంచి, 250కి 2024-25, 500కి 2025-26, మొత్తం 1000కి 2026-27 నుంచి. 2025లో దాన్ని "అసెస్‌మెంట్ లేదా అస్యూరెన్స్"గా సడలించారు గానీ పని పోలేదు. మీరు 500 బయట ఉన్నారు కాబట్టి మీ వంతు 2026-27 రిపోర్టుకి. అందుకే ఇప్పుడు ఇంట్లో నేర్చుకోవడం మంచిదే అంటాను.

అక్కడ ఒక చిక్కుంది. మేం సంతకం పెట్టేది రిపోర్టులోని అంకెల మీద, అంటే ఆచరణలో పీడీఎఫ్ మీద. ఎక్స్‌ఎంఎల్ తర్వాత ఎప్పుడో పుడుతుంది. దాన్ని పీడీఎఫ్‌తో సరిచూసే పని ఎవరిది అంటే అందరూ పక్కవాళ్ల వైపు చూస్తారు. నేనైతే క్లయింట్లకి చెబుతున్నాను, యుటిలిటీ నుంచి వచ్చిన ఫైలుని మళ్లీ చదవగలిగే రూపంలోకి తెచ్చి, కోర్ అంశాల వరకైనా ఒక్కో అంకె టిక్ కొట్టి, తేదీ వేసి దాచుకోండి అని.

ఇంకోటి, అస్యూరెన్స్ ఇచ్చేవాళ్లనే "ఆ ట్యాగింగ్ కూడా మీరే చేసిపెట్టండి" అని అడక్కండి. స్వప్రయోజన వైరుధ్యం ఉండకూడదని, అస్యూరెన్స్ ఇచ్చే సంస్థ గానీ దాని అనుబంధ సంస్థలు గానీ ఆ కంపెనీకి వేరే సేవలు అమ్మకూడదని ఆ సర్క్యులర్‌లోనే ఉంది. నన్ను అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

మల్కాపురం_వాసి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను కంపెనీవాణ్ణి కాదు, పక్కన బతికేవాణ్ణి. రిఫైనరీకి కూతవేటు దూరంలో ఇల్లు. ఈ బీఆర్‌ఎస్‌ఆర్ గురించి ఒక మీటింగులో విని, ఆశపడి, రెండు పెద్ద కంపెనీల ఫైళ్లు దించాను. తెరవడానికి మా అబ్బాయి సాయం చేశాడు. చూస్తే దేశం మొత్తానికి ఒకే అంకె! హెచ్‌పీసీఎల్ అంటే ముంబై రిఫైనరీ, విశాఖ రిఫైనరీ అన్నీ కలిపి. ఎన్టీపీసీ అంటే మన సింహాద్రి ఒక చిన్న ముక్క. మా పక్క గొట్టం నుంచి ఏం వస్తోందో అందులో ఎక్కడా లేదు. స్టీల్ ప్లాంటు సంగతి చూద్దామంటే అది లిస్టెడే కాదు, కాబట్టి ఈ రూల్ దానికి వర్తించదట. ఎల్జీ పాలిమర్స్ చూసిన ఊరు ఇది. ఇంత డిజిటల్ చేసి మాకు ఒరిగిందేమిటండీ?

పరవాడ_ఈహెచ్ఎస్
మీ కోపం న్యాయమైనదే అన్నా. బీఆర్‌ఎస్‌ఆర్ పుట్టింది ఇన్వెస్టర్ కోసం, చుట్టుపక్కల జనం కోసం కాదు. 2021 మే సర్క్యులర్‌తో అంతకుముందున్న బీఆర్‌ఆర్ అనే నివేదిక స్థానంలో వచ్చింది, 2022-23 నుంచి టాప్ 1000కి తప్పనిసరి అయింది, అన్నీ కంపెనీ స్థాయి లెక్కలే. అయినా మీకు పనికొచ్చేవి రెండు చోట్ల ఉంటాయి. నివేదికలోని ఆరో సూత్రం (పర్యావరణం) కింద, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల్లో, కోస్టల్ రెగ్యులేషన్ జోన్‌తో సహా, అనుమతులు అవసరమైన చోట కార్యకలాపాలుంటే ఆ వివరాలు ప్రాంతం పేరుతో ఇవ్వాలి. మన తీరంలో ఉన్నవాళ్లలో చాలామందికి ఇది తగులుతుంది. రెండోది, నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాల్లోని ప్లాంట్ల నీటి లెక్క ప్లాంటువారీగా అడుగుతారు. కానీ అది లీడర్‌షిప్ ఇండికేటర్, అంటే ఇష్టమైతేనే.

గొట్టం సంగతి కావాలంటే కాలుష్య నియంత్రణ మండలి దగ్గరికే వెళ్లాలి. ఫారం 5, కన్సెంట్ షరతులు, ఆన్‌లైన్ మానిటరింగ్. స.హ. చట్టం కింద అడగొచ్చు.

డేటా_దాసు_రుషికొండ
మల్కాపురం అన్న చెప్పింది మా క్లయింట్లు కూడా అడుగుతున్నారు, వేరే కారణానికి. తుఫాను రిస్క్ లెక్కేయాలంటే ప్లాంటు ఎక్కడుందో కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరిని తాకినప్పుడు ఏ కంపెనీ ఎంత నష్టపోయిందో కంపెనీ మొత్తం అంకెలో తెలియదు. సెక్షన్ ఏ చివర ముఖ్యమైన రిస్కులు రాయమంటారు. అక్కడ అందరూ ఒకే పేరా కాపీ కొట్టినట్టు "వాతావరణ మార్పు ఒక సవాలు" అని రాస్తారు. అది పేరా మొత్తానికి ఒకే ట్యాగు. లోపల "విశాఖ" అనే మాట ఉంటే వెతుక్కుని పట్టుకుంటాం, లేకపోతే లేదు. సిరిపురం మేడమ్, మీరైనా ఊరి పేరు రాయండి.

భీమిలి_ఎగుమతి
మాది రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్, లిస్టెడ్ కాదు, చిన్నది. ఈ ట్యాగులు మాకు సంబంధం లేదనుకున్నాను. ఇప్పుడు ఫీడ్ అమ్మే కంపెనీ ఒక ఎక్సెల్ పంపింది, యూరప్ కొనుగోలుదారు ఇంకో ఎక్సెల్, ఒక సూపర్‌మార్కెట్ గొలుసు వాళ్ల పోర్టల్ మూడోది. అందరూ అడిగేది అదే కరెంటు, అదే నీరు, అదే ఐస్ ప్లాంటు డీజిల్. ఎవరి గడులు వాళ్లవి. నాకు ట్యాగు వద్దు, ఒకే ప్రశ్నాపత్రం ఇప్పించండి చాలు. సీబ్యామ్ అని కూడా ఎవరో భయపెట్టారు.

ఎంవీపీ_ఆడిటర్
సీబ్యామ్ మీకు కాదు. అది యూరప్ సరిహద్దులో వేసే కార్బన్ సుంకం, సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దిగుమతుల మీద. 2026 జనవరి 1 నుంచి అసలు దశ మొదలు. ఉక్కు ఎగుమతి చేసేవాళ్లకి నిద్ర పట్టడం లేదు గానీ మీరు పడుకోవచ్చు.

సెబీ వైపు నుంచి వాల్యూ చైన్ వివరాలు టాప్ 250 కంపెనీలకే, అదీ 2025-26 నుంచి స్వచ్ఛందం. వాళ్ల కొనుగోళ్లలో లేదా అమ్మకాల్లో 2 శాతం, ఆపైన ఉన్న భాగస్వాములనే చూస్తారు. మీ వాటా అంత లేకపోతే "ఏ రూల్ కింద అడుగుతున్నారు" అని మర్యాదగా అడగండి.

డేటా_దాసు_రుషికొండ
భీమిలి గారూ, మీరు ట్యాగు వద్దన్నారు గానీ మీరడిగిన "ఒకే ప్రశ్నాపత్రం" అనేదాని ఇంకో పేరే టాక్సానమీ. ఇబ్బంది ఏమిటంటే ఒకటి కాదు, మూడున్నాయి. ఐఎస్ఎస్‌బీ (అంతర్జాతీయ సస్టైనబిలిటీ ప్రమాణాల బోర్డు) వాళ్లది 2024 ఏప్రిల్‌లో వచ్చింది. యూరప్ ఈఎస్ఆర్ఎస్ (అక్కడి సస్టైనబిలిటీ నివేదికల ప్రమాణాలు) టాక్సానమీని ఎఫ్రాగ్ (ఆ ప్రమాణాలు రాసే సంస్థ) అదే ఏడాది ఆగస్టులో ప్రచురించింది. మనది బీఆర్‌ఎస్‌ఆర్. యూరప్‌లో 2025 ఫిబ్రవరిలో ఆమ్నిబస్ అనే సడలింపుల ప్రతిపాదన వచ్చాక సీఎస్ఆర్‌డీ (కంపెనీలు ఈ నివేదికలు ఇవ్వాలనే అక్కడి చట్టం) పరిధి కుదించడం మొదలుపెట్టారు, చాలా కంపెనీలకి గడువు రెండేళ్లు జరిగింది. కాబట్టి ఆ వైపు నుంచి ఇప్పటికిప్పుడు ముంచుకొచ్చేది ఏమీ లేదు.

మీకు నిజంగా పనికొచ్చేది ఒకటుంది. చిన్న కంపెనీల కోసం ఎఫ్రాగ్ వీఎస్ఎమ్ఈ అనే స్వచ్ఛంద ప్రమాణం చేసింది. దానికి 2025లో ఉచిత ఎక్సెల్ టెంప్లేట్ పెట్టారు. నింపితే దాన్నుంచి ఎక్స్‌బీఆర్‌ఎల్ తయారవుతుంది. అది ఒకసారి నింపి యూరప్ కొనుగోలుదార్లందరికీ అదే పంపి చూడండి. ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకుంటారు.

గాజువాక_గురు
సరే, నేను కొంచెం తగ్గుతాను. రిజిస్టర్ ఇంట్లో ఉండాలన్నది ఒప్పుకుంటాను. ఆఖరి యుటిలిటీ పని మాత్రం బయటే చేయించండి అంటాను. మాక్రోలున్న ఎక్సెల్ అది. వేరే షీటు నుంచి కాపీ పేస్ట్ చేస్తే లోపలి ఫార్మాట్ చెడుతుంది, ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మాక్రోలు పనిచేయవు, ఎక్స్ఛేంజీ కొత్త వెర్షన్ పెడితే పాతదాంట్లో నింపిందంతా మళ్లీ ఎక్కించాలి. మీ ఆఫీసులో ఆ సమయానికి ఎవరో ఒకరు సెలవులో ఉంటారు.

లెక్కల_తాతయ్య
ఇది న్యాయమైన మాట. సాఫ్ట్‌వేర్ ఇప్పుడే కొనొద్దమ్మా. ముందు ఒక ఏడాది యుటిలిటీతోనే చేయండి, దాంతో ఏది బాధపెడుతుందో తెలుస్తుంది, అప్పుడు ఏం కొనాలో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు డెమోలో చూపించే ప్లాంటులో మీటర్లెప్పుడూ పాడవవు.

కాలెండర్ తిరగేయండి. ఏప్రిల్‌లోనే నిరుటి ఫైలు తీసి, అన్ని గడులూ ఒక షీటులోకి దించి, ఒక్కోదానికి యజమాని పేరు రాయండి. మే నెలలో అంకెలు రానివ్వండి. డిజైనర్‌కి ఇవ్వకముందే యుటిలిటీలో నింపి ఒకసారి వాలిడేట్ చేయండి. యుటిలిటీ ఒప్పుకున్న అంకెలే డిజైనర్‌కి వెళ్లాలి. ఇప్పుడు జరుగుతున్నది దానికి తిరగబడి. ఈ ఒక్క వరస మార్చితే పీడీఎఫ్, ఎక్స్‌ఎంఎల్ తేడాలు చాలావరకు పోతాయి.

వాలిడేషన్ పాసయిందంటే అంకె నిజమని కాదు. ఖాళీ వదిలారా, తేదీ తప్పా, మొత్తం కూడిందా అంతవరకే అది చూస్తుంది. కిలోలీటర్ల గడిలో లీటర్లు పెడితే ఏమీ అనదు, మీకు ఆ సంగతి తెలుసు కదా.

సిరిపురం_సెక్రటేరియల్
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ సీఎఫ్ఓ గారి దగ్గర కూర్చున్నాను. రిజిస్టర్‌కి ఒప్పుకున్నారు, దానికి ఫైనాన్స్ నుంచి ఒకరు యజమానిగా ఉంటారు. సెక్రటేరియల్ కాదు, ఎందుకంటే గుణకాలు, మార్పిడులు సరిచూసేవాళ్లు లెక్కలవాళ్లయితే మంచిదని. ప్లాంటులో సంతకం మాత్రం ఈహెచ్ఎస్ హెడ్‌ది, ట్రైనీది కాదు. డిజైనర్ కన్నా ముందు యుటిలిటీ అన్నదానికి కమ్యూనికేషన్స్ టీమ్ గొడవ పెట్టుకుంది, వాళ్ల పేజీలు ఆలస్యమవుతాయని. అది ఇంకా తేలలేదు. ఆఖరి అప్‌లోడ్ ఈ ఏడాదికి వెండరే, గురు గారు సంతోషించండి. ఫైలు మాత్రం మేం తెరిచి టిక్ కొట్టాకే వెళుతుంది.

ఇంటెన్సిటీ చూశాను. 0.00యే.

కిందటేడాది గడిలో సరిచేసిన అంకె పెట్టి నోట్ రాస్తే సరిపోతుందా, లేక పాత ఫైలుని కూడా సవరించి మళ్లీ ఫైల్ చేయాలా?

ఎంవీపీ_ఆడిటర్
ఇంటెన్సిటీ వరకూ అయితే ఈ ఏడు సరైన దశాంశాలతో ఇచ్చి, కిందటేడాది గడిలో సరైనది పెట్టి, గుండ్రం చేయడం వల్ల మారిందని ఒక వాక్యం చాలనుకుంటాను. నీటి అంకె వేరు. ఒక ఇన్వెస్టర్ రాతపూర్వకంగా అడిగారు కాబట్టి అది కంపెనీకి తెలిసినట్టు లెక్క. ఎక్స్ఛేంజీకి రాసి సవరించిన ఫైలు ఎక్కించమనే నా సలహా. ఆ ఫండ్‌కి జవాబు ఇచ్చారా లేదా?

సిరిపురం_సెక్రటేరియల్
ఇంకా లేదండి. సోమవారం పంపుతున్నాం, సవరించిన ఫైలుతో సహా.